ఏడో ఏట ఒకసారి నోరు తెరిపించండి
(మన తెలుగు సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోర్ట్ బ్లెయిర్ అనే మాట ఇంకా నా నోటినుంచి పోలేదు. 2024 సెప్టెంబరు నుంచి ఈ ఊరు శ్రీ విజయ పురం. నేను ఇక్కడ పనిచేసిన రోజులు పాత పేరుతోనే గుర్తుండిపోయాయి కాబట్టి, మధ్యమధ్యలో తప్పు దొర్లితే మన్నించండి. నేను ఆర్మీ డెంటల్ కోర్‌లో చేసి రిటైరయ్యాను. పేరుకి ఆర్మీయే గానీ నేవీ పళ్ళూ, ఎయిర్‌ఫోర్స్ పళ్ళూ కూడా మేమే చూస్తాం. భోజనాలకి ముందు పళ్ళ డాక్టరు చేత మాట్లాడించాలన్న ఆలోచన కార్యదర్శిగారిదే, కోపం వస్తే ఆయన మీద చూపించండి.

పిల్లల వంకర పళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పళ్ళకి క్లిప్పులు ఎప్పుడు పెట్టించాలి, చిన్నప్పుడే పెట్టిస్తే మంచిదా, అన్ని పళ్ళూ వచ్చేదాకా ఆగాలా? నేను ఏ స్టేషన్‌కి వెళ్ళినా తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇదే. దానికి జవాబు చెప్పేముందు నా తప్పు ఒకటి చెబుతాను.

సర్వీసు తొలి రోజుల మాట. ఒక చిన్న స్టేషన్, పేరెందుకు లెండి. శ్రీకాకుళం వైపు నేవీ కుటుంబం ఒకటి ఏడేళ్ళ బాబుని తీసుకొచ్చింది. కింది పాల దవడపన్ను పుచ్చి చెంప వాచింది. మర్నాడు సామాను సర్దుకుని చెన్నై వెళ్ళాలి, అక్కడినుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ పోస్టింగ్‌కి రావాలి. "పాలపన్నే కదా డాక్టరుగారూ, పీకేయండి, ఓడలో ఏడిస్తే ఎవరు చూస్తారు" అంది ఆ తల్లి. పీకేశాను. వాపు తగ్గింది, బాబు నవ్వాడు, వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ ఖాళీలో పెట్టాల్సిన చిన్న తీగ సంగతి చెప్పనైనా చెప్పలేదు. క్యూలో ఇంకా చాలామంది ఉన్నారు.

నాలుగేళ్ళ తరవాత నాకూ ఇక్కడికే పోస్టింగ్ వచ్చింది. ఒకరోజు అదే తండ్రి, అదే బాబు. "సార్, మీరు గుర్తుపట్టలేదు" అన్నాడాయన. నోరు తెరిపిస్తే నాకే గుర్తొచ్చింది. ఆరో ఏట వచ్చిన పెద్ద దవడపన్ను నేను చేసిన ఖాళీలోకి వాలిపోయి ఉంది. దాని కింద రావలసిన శాశ్వత పన్ను దారి లేక ఎముకలోనే ఇరుక్కుపోయింది. వాలిన పన్నుని వెనక్కి నెట్టి, చోటు చేసి, కింది పన్నుని పైకి రప్పించడానికి మెయిన్‌లాండ్‌లో నిపుణుడి దగ్గరికి తిరగాల్సొచ్చింది. ఆ తండ్రి సెలవులన్నీ దానికే పోయాయి. విశాఖకైనా చెన్నైకైనా ఇక్కడినుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం, ఓడలో దాదాపు మూడు రోజులు. ఆ రోజు పావుగంట ఎక్కువ కేటాయిస్తే అయిపోయే పని. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అంచేత పాలపన్నే కదా అన్న మాట నా ముందు ఎవరన్నా నేను ఊరుకోను. చిన్నప్పుడు మనం ఊడిన పన్ను పేడలో పెట్టి పెంకుటింటి మీదకి విసిరేవాళ్ళం, గుర్తుందా? (ఇక్కడ క్వార్టర్స్ రేకుల మీద విసిరితే పక్కింటివాళ్ళు బయటికొస్తారు.) తనంతట తాను ఊడే పన్ను వేరు, వేళకి ముందు మనం పీకే పన్ను వేరు. పాల దవడపళ్ళలో వెనకది పదీ పన్నెండేళ్ళ మధ్య దాకా ఉండాలి. వెనకున్న ఆరేళ్ళ పన్ను ముందుకి జరగకుండా ఆపే సెంట్రీ అది. సెంట్రీని తీసేస్తే పోస్టులో ఇంకెవరినైనా పెట్టాలి కదా! పక్క పన్నుకి ఒక పట్టీ, దానికొక తీగ ఉంగరం. అంతే ఆ సాధనం. ఆరు నెలలకోసారి చూపించుకుంటూ, కింది పన్ను వచ్చేదాకా ఉంచుతారు. అసలు పుచ్చినప్పుడే సిమెంటు పెట్టిస్తే పీకే పనే ఉండదు.

ఆ ఆరేళ్ళ పన్ను గురించి ఒక మాట. అది ఏ పన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనక నిశ్శబ్దంగా వస్తుంది. చాలామంది తల్లులు దాన్ని పాలపన్నే అనుకుంటారు. పుచ్చిపోయాక తీసుకొచ్చి "ఇది ఊడిపోయేదేగా" అంటారు. ఊడదమ్మా, అరవయ్యేళ్ళు నమలాల్సిన పన్ను అది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం పిల్లవాడిని ఏడేళ్ళకల్లా ఒకసారి చూపించమంటుంది. చూపించమన్నారు గానీ క్లిప్పు వేయించమనలేదు. ఈ తేడా తెలియక కొందరు ఎనిమిదేళ్ళ పిల్లకి ఇనుప తీగలన్నీ బిగించేస్తారు, కొందరు పదహారేళ్ళు వచ్చేదాకా కన్నెత్తి చూడరు. ఏడేళ్ళకి ఎందుకంటే అప్పటికి ఆరేళ్ళ పళ్ళు, ముందు పళ్ళు కొన్ని వచ్చి ఉంటాయి. దవడలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయో తెలుస్తుంది.

వెంటనే చేయించాల్సినవి కొన్నే. పిల్లవాడిని వెనక పళ్ళు కరిచి చూపించమనండి. కింది ముందు పళ్ళు పై పళ్ళకి బయట ఉంటే ఆగకండి. పై దవడ వెనకబడి ఉంటే దాన్ని ముందుకి లాగే ముఖపు పట్టీ సుమారు పదేళ్ళలోపే బాగా పనిచేస్తుంది. నోరు మూసేటప్పుడు గడ్డం ఒక పక్కకి జారుతుంటే పై దవడ ఇరుకైందేమో చూడాలి. అంగిట్లో నడిమధ్య ఒక అతుకు ఉంటుంది. చిన్న వయసులో అది మెత్తగా ఉంటుంది కాబట్టి మెల్లగా వెడల్పు చెయ్యొచ్చు. యవ్వనం దాటాక గట్టిపడుతుంది, అప్పుడు ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళ్తుంది. నోరు తెరిచి నిద్రపోయి గురకపెట్టే పిల్లల్ని ముందు ముక్కు డాక్టరుకి చూపించండి, ఎడినాయిడ్స్ ఉండొచ్చు. శాశ్వత ముందు పళ్ళు వచ్చాక కూడా బొటనవేలు చీకుతుంటే మాన్పించాలి. వేపరసం రాసి కొట్టి కాదు, బుజ్జగించి. తండ్రి షిప్ మీద వెళ్ళినప్పుడల్లా వేలు నోట్లో పెట్టుకునే పాపని నేను చూశాను. ఆ పాపకి మందు వేపాకు కాదు కదా!

ఇక ఎత్తుపళ్ళు. ఇక్కడే తొందర ఎక్కువ. పై పళ్ళు ముందుకి పొడుచుకొచ్చిన పిల్లల్లో కొందరికి చిన్నప్పుడూ పెద్దయ్యాకా రెండు విడతలుగా, కొందరికి పెద్దయ్యాక ఒకే విడతగా వైద్యం చేసి నార్త్ కరోలినాలోనూ ఫ్లోరిడాలోనూ పోల్చి చూశారు. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2018లో చెప్పింది ఏమిటంటే, తొందరపడి మొదలెట్టినందువల్ల చివర్లో పెద్ద తేడా లేదు. ఒక్క లాభం మాత్రం ఉంది, ముందు పళ్ళకి దెబ్బ తగలడం తగ్గుతుంది. కాబట్టి పిల్లాడు రోజూ ఎక్కడో ఒకచోట పడుతూ, పళ్ళు మరీ బయటికి ఉంటే ముందే చేయించండి. లేకపోతే ఎదుగుదల ఊపందుకునే వయసుకి ఆగండి. ఆడపిల్లలకి సుమారు పది పన్నెండేళ్ళు, మగపిల్లలకి ఇంకో రెండేళ్ళు ఎక్కువ.

కొన్నిటికి అసలేమీ చెయ్యనక్కర్లేదు. ఎనిమిదేళ్ళ మనవరాలి ముందు పళ్ళ మధ్య సందు చూసి ఒక నాయనమ్మగారు బెంగపెట్టుకుని, పోస్టింగ్ రాకముందే తీగ వేయమని పట్టుబట్టారు. 1937లో బ్రాడ్‌బెంట్ అనే అమెరికన్ దంతవైద్యుడు ఈ దశకి అందవికారపు బాతుపిల్ల దశ అని పేరు పెట్టాడు. పైన ఎముకలో కోరపళ్ళు దిగుతూ పక్క పళ్ళ వేళ్ళని నొక్కడం వల్ల పళ్ళు విసనకర్రలా విచ్చుకుంటాయి. పదకొండు పన్నెండేళ్ళకి కోరపళ్ళు వచ్చాక సందు చాలావరకు మూసుకుంటుంది. రెండు మిల్లీమీటర్లు దాటితే మాత్రం డాక్టరు కనిపెట్టి ఉండాలి. "మరి పెళ్ళికి?" అన్నారావిడ. "ఎనిమిదేళ్ళే కదమ్మా, చాలా టైముంది" అన్నాను. అయితే ఆ కోరపళ్ళ మీద ఒక కన్నేసి ఉంచండి. పదేళ్ళ వయసులో పై చిగురు మీద వేలితో తడిమితే ఉబ్బు తగలాలి. తగలకపోతే ఎక్స్‌రే తీయించండి. దారి తప్పిన కోరపన్నుని ఆ వయసులో పాల కోరపన్ను తీసేసి దారిలో పెట్టే అవకాశం ఉంది.

ఇక మనవాళ్ళ ప్రత్యేక సమస్య, పోస్టింగ్. బిగించిన క్లిప్పులకి సుమారు రెండేళ్ళు పడుతుంది, నాలుగారు వారాలకోసారి చూపించాలి. మన టెన్యూరేమో రెండు మూడేళ్ళు. కార్ నికోబార్‌లోనో కాంప్‌బెల్ బేలోనో ఉన్నవాళ్ళకి నెలనెలా నిపుణుడి దగ్గరికి రావడం అయ్యే పనేనా? మధ్యలో మూవ్‌మెంట్ ఆర్డర్ వచ్చి, ఏడాదిపాటు ఎవరూ చూడని తీగలతో తిరిగిన పిల్లల్ని చూశాను. వంకర సగమే పోయింది, తీగల చుట్టూ పళ్ళు పుచ్చాయి. అందుకని ఎముక ఎదుగుదలతో ముడిపడినవి, అంటే ఇందాక చెప్పిన తిరగబడ్డ పళ్ళు, ఇరుకు దవడ, పోస్టింగ్ కోసం ఆగవు. అవి ఎక్కడుంటే అక్కడ మొదలెట్టండి. మిగతా క్లిప్పులు ఏడాది ఆలస్యమైనా కొంప మునగదు, కొత్త స్టేషన్‌కి వెళ్ళి స్థిరపడ్డాకే మొదలెట్టండి.

మధ్యలో మారక తప్పకపోతే వైద్యం కాగితం, ఎక్స్‌రే, ఫొటోలు, పళ్ళ అచ్చులు వెంట తీసుకెళ్ళండి. అచ్చులు ట్రంకు పెట్టెలో వేస్తే పిండైపోతాయి. బియ్యం డబ్బాలో పూడ్చండి, ఇది నా సొంత కనిపెట్టు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక ఫొటోలు పంపడం సుళువైంది. అద్దం ముందు బుగ్గలు లాగి, పళ్ళు కరిపించి మూడు ఫొటోలు తీసి పంపితే రావాలా వద్దా అన్నది డాక్టరు చెప్పగలడు. ఓడ టిక్కెట్టు మిగులుతుంది.

ఆ శ్రీకాకుళం బాబు ఇప్పుడు పెద్దవాడు. కిందటేడు వాళ్ళ నాన్న ఫోన్ చేసి "సార్, మనవరాలికి ఆరో ఏడు వచ్చింది, ఎప్పుడు తీసుకురమ్మంటారు" అని అడిగాడు. ఇన్నేళ్ళ తరవాత కూడా నా దగ్గరికే తెస్తానంటే నాకు నోట మాట రాలేదు.

సభ అయ్యాక స్టేజి పక్కన టార్చిలైటు పెట్టుకుని కూర్చుంటాను. ఆరు దాటి పన్నెండు లోపు పిల్లల్ని నా దగ్గరికి పంపండి. ఫీజు లేదు, పీకడం లేదు. కాకపోతే భోజనాలకి ముందే పంపండి. తరవాతైతే పులిహోర మెతుకులు తప్ప నాకింకేమీ కనపడదు.