అమ్మ చేతి ఫోన్, బిడ్డ భద్రత
(తల్లికి వందనం లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ఫోన్‌లో చదువుకోవడానికి, నలుగురికీ వినిపించడానికి వీలుగా.)



ఈ పథకం గురించి మీకు తెలిసిందే. ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే ప్రతి బిడ్డకూ ఏడాదికి 15,000 రూపాయలు. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడతాయి. బిడ్డకు 75 శాతం హాజరు ఉండాలి. ఖాతా ఆధార్‌తో అనుసంధానం అయి ఉండాలి. ఇవి సచివాలయంలో చెబుతూనే ఉన్నారు, మళ్లీ చెప్పను.

ఈ రోజు మాట్లాడేది ఆ డబ్బు పడిందని మెసేజ్ వచ్చే ఫోన్ గురించి. మన ఇళ్లలో చాలావరకు ఒకటే ఫోన్. బ్యాంకు మెసేజ్ దాంట్లోనే వస్తుంది, ఓటీపీ దాంట్లోనే వస్తుంది. బడి గ్రూపూ అందులోనే, హోంవర్కూ అందులోనే. సాయంత్రం పిల్లాడు ఆటాడేదీ ఆ ఫోన్‌లోనే. అంటే బీరువా తాళం చెవి, బిడ్డ ఆటబొమ్మ ఒకే వస్తువైపోయాయి. అందుకే డబ్బు భద్రత, పిల్లల భద్రత వేరువేరుగా చెప్పడం కుదరదు.

ఇంకో సంగతి. "ఫోన్ సంగతి మా అబ్బాయే చూసుకుంటాడండీ, నాకేం తెలుసు" అని చాలామంది అంటారు. ఇంగ్లీషులో మెసేజ్ వస్తే చదివిపెట్టేది ఆ బిడ్డే. ఓటీపీ చెప్పేదీ ఆ బిడ్డే. పదమూడేళ్ల పిల్లవాడి మీద ఇంటి బ్యాంకు బాధ్యత పడిందన్నమాట. అందుకని వాడిని అనుమానించకండి, వాడికి అన్నీ చెప్పి తోడు పెట్టుకోండి.

1. పథకం పేరుతో వచ్చే లింకులు

"తల్లికి వందనం డబ్బు మీ ఖాతాలో ఆగిపోయింది, ఈ లింక్ నొక్కి వివరాలు నింపండి" అని మెసేజ్ రావచ్చు. వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపి "ఇది ఇన్‌స్టాల్ చేస్తే లిస్టులో మీ పేరు కనిపిస్తుంది" అనవచ్చు. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది కాగితం కాదు, యాప్. అది లోపలికి వచ్చి అనుమతులు సంపాదించిందంటే మీకొచ్చే మెసేజ్‌లను చదివి ఓటీపీని అవతలివాడికి చేరవేయగలదు.

పిల్లలతో కూర్చుని ఈ నాలుగు మాటలు చెప్పండి:

• పథకం డబ్బు కోసం ఎవరికీ ఓటీపీ చెప్పనక్కరలేదు, రుసుము కట్టనక్కరలేదు.
• డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు మన దగ్గర నుంచి పోతున్నట్టే.
• యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ నుంచి ఎప్పుడూ వద్దు.
• అనుమానం ఉంటే సచివాలయానికి వెళ్లి అడుగుదాం. లేదా ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర, 95523 00009 నంబరులో చూసుకుందాం.

2. ఆటలు, డబ్బు

ఆట ఉచితమే. కానీ ఆటలో డైమండ్లు, కాయిన్లు, కొత్త డ్రెస్సులు కొనాలి. స్నేహితుడి దగ్గర ఉన్నాయి, తన దగ్గర లేవు. అమ్మ పిన్ కొట్టేటప్పుడు పక్కన కూర్చుని చూసినవాడే కదా! మొదట 50 రూపాయలు, తర్వాత 100. బ్యాంకు మెసేజ్ తీసేస్తాడు. ఏదో ఒక రోజు మీరు నగదు తీయబోతే ఖాతాలో ఉండాల్సినంత ఉండదు.

ఇందులో పిల్లవాడు దొంగ అని తేల్చేముందు ఒక్క మాట. ఆ ఆటను తయారు చేసినవాళ్లు మళ్లీ మళ్లీ కొనాలనిపించేలాగే తయారు చేశారు. పెద్దవాళ్లే ఆగలేకపోతున్నారు. కాబట్టి చేయాల్సిన పని: యూపీఐ పిన్ మార్చండి, పిల్లల ఎదుట కొట్టకండి, పుట్టిన సంవత్సరం పెట్టకండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

ఇక డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలు వేరు. వాటిని దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా లింకుల ద్వారా, గ్రూపుల ద్వారా వస్తూనే ఉంటాయి. "ఇది నైపుణ్యం ఆట, తప్పులేదు" అని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్లు ఇంకొకటి గమనించండి. "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అని కుర్రాళ్లను అడిగేవాళ్లున్నారు. మోసం చేసి లాగిన డబ్బును అలాంటి ఖాతాల గుండా దాటిస్తారు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఇంటికే. ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు స్నేహానికి కూడా ఇవ్వకూడదు.

3. అపరిచితుల స్నేహం

ఇది కాస్త నిదానంగా వినండమ్మా. ఇబ్బందిగా అనిపించినా వినాలి.

ఆటలో మాట్లాడుకునే వీలుంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెట్టే వీలుంటుంది. అవతల ఉన్నది తన వయసు పిల్లే అని మీ బిడ్డ అనుకుంటుంది. ఫొటో అలాగే ఉంటుంది, మాట అలాగే ఉంటుంది. మొదట పొగడ్త: "నీ రీల్ ఎంత బాగుందో." తర్వాత సానుభూతి: "మీ అమ్మ తిట్టిందా? నాతో చెప్పు." ఆ తర్వాత రహస్యం: "మన సంగతి ఎవరికీ చెప్పకు." చివరికి ఒక ఫొటో పంపమంటారు, లేదా వీడియో కాల్‌కు రమ్మంటారు. ఒక్కసారి పంపితే చాలు, గొంతు మారిపోతుంది. "ఇంకా పంపు, లేకపోతే ఇది మీ నాన్నకు, మీ బడి గ్రూపుకు పంపిస్తా" అంటారు. డబ్బూ అడుగుతారు. అమ్మాయిలనే కాదు, మగపిల్లలనూ ఇలాగే పట్టుకుంటారు. మగపిల్లలు చెప్పుకోవడానికి ఇంకా సిగ్గుపడతారు.

ఒక్కోసారి బిడ్డ ఏ ఫొటో పంపకపోయినా, మామూలు ముఖం ఫొటో తీసుకుని దాన్ని వేరే ఒంటికి అతికించి బెదిరిస్తారు. ఇప్పుడు ఏఐ వచ్చాక అది మరీ తేలికైంది.

ఈ మొత్తంలో బెదిరించేవాడి బలం ఒక్కటే: ఇంట్లో తెలిస్తే చంపేస్తారన్న బిడ్డ భయం. ఆ భయాన్ని మనం తీసేస్తే వాడి చేతిలో ఏమీ మిగలదు. అందుకే ఏమీ జరగకముందే, ఈ రోజు రాత్రి అన్నం పెట్టేటప్పుడు చెప్పండి: "ఫోన్‌లో ఎవరైనా నిన్ను బెదిరిస్తే, నువ్వు ఏం చేసి ఉన్నా సరే, ముందు నాకు చెప్పు. నేను కొట్టను. ఫోన్ లాక్కోను. ఇద్దరం కలిసి చూద్దాం." ఫోన్ లాక్కోను అన్న మాట ముఖ్యం. చెబితే ఫోన్ పోతుందనుకున్న బిడ్డ చెప్పదు.

మాట ఇచ్చాక దాని మీద నిలబడాలి. బిడ్డ వచ్చి చెప్పిన రోజు మీకు గుండె జారిపోతుంది, కోపం కూడా వస్తుంది. గ్లాసుడు నీళ్లు తాగి కూర్చోండి. "ఎందుకు పంపావు?" అని మొదట అడగవద్దు. "చెప్పి మంచి పని చేశావు" అనండి. మిగతావి తర్వాత.

బిడ్డ నోరు విప్పకపోయినా కొన్ని గుర్తులుంటాయి. మీరు దగ్గరికి రాగానే ఫోన్ బోర్లించడం, రాత్రుళ్లు దుప్పటి కింద ఫోన్, అన్నం సరిగా తినకపోవడం, బడికి పోనని మొండికేయడం, ఎవరూ ఇవ్వని రీచార్జ్ లేదా బహుమతి కనిపించడం. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి, కానీ చూసీ చూడనట్టు వదిలేయకండి.

పని కోసం గల్ఫ్‌కు వెళ్లిన తల్లుల పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటారు. వాళ్లకు అమ్మ ముఖం కనిపించేదే ఫోన్‌లో. ఫోన్ తీసేయడం పరిష్కారం కాదు. అమ్మ రోజూ కాల్ చేసినప్పుడు "చదివావా, తిన్నావా"తో పాటు "ఈ రోజు ఫోన్‌లో ఎవరితో మాట్లాడావు, ఏం చూశావు?" అని కూడా అడగాలి. ఊళ్లో పిన్నో, అత్తో, టీచరో ఒకరిని "నాకు చెప్పలేకపోతే వీళ్లకు చెప్పు" అని చూపించి ఉంచాలి.

4. జరిగిపోతే ఏం చేయాలి

మొదటిది, ఏమీ తీసేయవద్దు. సిగ్గుతో చాటింగ్ మొత్తం తుడిచేస్తారు, అదే సాక్ష్యం. మెసేజ్‌లు, అవతలివాడి ప్రొఫైల్, నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. కానీ బిడ్డ ఫొటోను "ఇదిగో చూడండి" అని ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, బంధువులకైనా సరే. ఫోన్‌నే పోలీసులకు చూపించండి.

రెండోది, డబ్బు ఇవ్వవద్దు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. సమాధానం కూడా ఇవ్వవద్దు. సాక్ష్యం తీసుకున్నాక ఆ ఖాతాను రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయండి.

మూడోది, ఫిర్యాదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్‌లో పిల్లలకు సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా చేయవచ్చు. పోలీస్ స్టేషన్‌కు వెళితే, "ఇది మా పరిధి కాదు" అన్నా సరే, జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయమని అడిగే హక్కు మీకుంది.

"పరువు పోతుంది, బిడ్డను స్టేషన్ చుట్టూ తిప్పుతారు" అని భయపడకండి. 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ వర్తిస్తుంది. లైంగిక ఉద్దేశంతో ఫోన్‌లో పదే పదే వెంటపడటం, ఫొటో బయటపెడతానని బెదిరించడం ఆ చట్టం ప్రకారం నేరం. ఫొటో నిజమైనదైనా, అతికించినదైనా నేరమే. బిడ్డ మాటలను ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో నమోదు చేయాలి. వీలైనంతవరకు మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫొటో, బడి వివరాలు పత్రికల్లో రాకూడదు. ఇవి అధికారి దయ మీద ఆధారపడినవి కావు, చట్టంలో రాసి ఉన్నవి.

ఫొటో ఎక్కడైనా పెడతారన్న భయం ఉంటే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. 18 ఏళ్లలోపు తీసిన ఫొటోల కోసం. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దానికి వేలిముద్రలాంటి ఒక సంకేతం తయారై, ఆ సేవలో చేరిన సామాజిక మాధ్యమాలకు చేరుతుంది. దాంతో వాళ్లు ఆ ఫొటోను గుర్తుపట్టి తొలగిస్తారు.

డబ్బు పోయిన సందర్భమైతే నిమిషాలు లెక్క. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. "రేపు సోమవారం బ్యాంకుకు వెళ్దాం" అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

5. ఈ రాత్రే చేసుకోవాల్సిన పనులు

• వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ అని ఉంటుంది. మై కాంటాక్ట్స్ అని పెట్టండి. అప్పుడు ముక్కూముఖం తెలియనివాళ్లు మిమ్మల్ని నేరుగా గ్రూపులో చేర్చలేరు.
• వాట్సాప్‌లోనే లింక్డ్ డివైజెస్ కూడా చూడండి. మీకు తెలియని కంప్యూటర్ పేరు ఉంటే లాగవుట్ కొట్టండి. టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టండి.
• చిన్నపిల్లలకు ఫోన్ ఇచ్చేటప్పుడు సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ ఉంటే వాడండి. ఒక్క యాప్ మాత్రమే తెరిచి ఉంటుంది, బ్యాంకు వైపు పోలేరు.
• బిడ్డకు వేరే ఫోన్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోండి. రోజుకు ఎంతసేపు, ఏ యాప్‌లు అన్నది మీ ఫోన్ నుంచే నిర్ణయించవచ్చు. కానీ చాటుగా పెట్టకండి, చెప్పి పెట్టండి.
• ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13. అబద్ధపు పుట్టిన తేదీతో ఖాతా తెరిస్తే, పిల్లల కోసం ఉన్న రక్షణలు బిడ్డకు అందవు.
• బిడ్డ యూనిఫాం, బడి పేరు కనిపించే ఫొటో స్టేటస్‌లో పెట్టకండి. డబ్బు పడిన బ్యాంకు మెసేజ్ స్క్రీన్‌షాట్ అసలే పెట్టకండి.
• రాత్రి ఫోన్లన్నీ ఒకే చోట ఛార్జింగ్‌కు పెట్టండి. ఈ నియమం నాన్నకు కూడా వర్తిస్తుందండీ. మనం పాటించనిది పిల్లలు పాటించరు.

ఇవన్నీ రాకపోతే సిగ్గుపడకండి. బిడ్డనే అడగండి: "నాకు ఇది నేర్పించు నాన్నా" అని. వాళ్లు నేర్పిస్తారు, మీరు నేర్చుకుంటారు. ఆ అరగంటలో ఫోన్‌లో ఏమేం ఉన్నాయో మీకూ తెలిసిపోతుంది.

గుర్తుంచుకోవలసిన నంబర్లు

డబ్బు పోతే: 1930
పిల్లలకు ఆపద అయితే: 1098
అత్యవసరంగా పోలీసు: 112
మహిళల సహాయం: 181
పథకం వివరాలకు: మన మిత్ర వాట్సాప్ 95523 00009, లేదా మీ సచివాలయం

ఈ అయిదు నంబర్లూ ఫోన్‌లో సేవ్ చేసుకుని, గోడ మీద క్యాలెండర్ పక్కన కూడా రాసిపెట్టండి. ఫోన్ చేతిలో లేనప్పుడే అవి ఎక్కువ అవసరం పడొచ్చు. ఈ పీడీఎఫ్‌ను మీ పొదుపు సంఘం గ్రూపులో పెట్టండి. చదవడం రాని అక్కకు, అవ్వకు మీరే చదివి వినిపించండి. సెలవు.