కడిగి వాడుకునే ఎయిర్ ఫిల్టరు: ఎంపిక, సంరక్షణ



కారు ఎంత పెట్రోలు తాగుతుందని అందరూ అడుగుతారు. ఎంత గాలి పీలుస్తుందని అడిగేవారు తక్కువ. ఈనాటి పాఠాన్ని ఆ లెక్కతో మొదలుపెడదాం. పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకు 14.7 రెట్ల బరువైన గాలి కావాలి. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగుతుంది. దానికి దాదాపు 11 కిలోల గాలి, అంటే రమారమి 9,000 లీటర్లు! లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి 60 లక్షల లీటర్ల గాలి ఇంజనులోకి పోతుంది. మీరే గుణించి చూసుకోండి.

ఆ గాలితో పాటు దుమ్మూ వస్తుంది. మట్టి దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. మోస్ కాఠిన్య మానంపై క్వార్ట్జ్ విలువ 7. సిలిండరు గోడలకు వాడే పోత ఇనుము అంతకంటే మెత్తన. పిస్టన్ రింగులకూ ఆ గోడలకూ మధ్య ఉండే నూనె పొర మందం కొద్ది మైక్రాన్లే. అక్కడ చేరిన రేణువు గరుకు కాగితంలా రుద్దుతూ పోతుంది.

మామూలుగా కార్లలో వచ్చేది మడతలు మడతలుగా ఉండే కాగితపు ఫిల్టరు. పాడైతే తీసి పారేస్తాం. కడిగి వాడుకునేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, తీగ వలల మధ్య నూలు గుడ్డ పొరలు పెట్టి నూనె పట్టించినది. రెండోది, నూనె పట్టించిన ఫోము. నూనెతో దుమ్ము పట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. పాత ట్రాక్టర్ల ఎయిర్ క్లీనరు అడుగున నూనె గిన్నె ఉండేది.

ఫిల్టరు అంటే జల్లెడ అనుకుంటాం. నిజానికి అది జల్లెడ కంటే తెలివైనది. బస్సు వేగంగా మలుపు తిరిగితే మీరు పక్కకు ఒరిగిపోతారు కదా! గాలి కూడా పోగు చుట్టూ మలుపు తిరుగుతుంది. దానిలోని బరువైన రేణువు తిరగలేక పోగుకు కొట్టుకుంటుంది. నూనె దానిని అక్కడే అంటించుకుంటుంది. అందుకే గుడ్డలో ఖాళీలు రేణువుల కంటే పెద్దవైనా దుమ్ము ఆగుతుంది.

అయితే ఎంత ఆగుతుంది? ఎంపికలో అసలు ప్రశ్న ఇదే. 99 శాతం ఆపే ఫిల్టరుకూ 97 శాతం ఆపే ఫిల్టరుకూ తేడా రెండు శాతమేనని అనిపిస్తుంది. ఇంజను వైపు నుంచి చూడండి. మొదటిది 1 పాలు వదిలితే, రెండోది 3 పాలు వదులుతోంది. మూడు రెట్లు! కనుక కొనేముందు ఐ.ఎస్.ఓ. 5011 పరీక్షా ఫలితం ఉందా అని అడగండి. "పవర్ పెరుగుతుంది" అన్న ప్రకటన దానికి జవాబు కాదు. ఊళ్లో నడిపేటప్పుడు గాలిని అడ్డుకునేది ప్రధానంగా సగం మూసి ఉన్న థ్రాటిల్. అక్కడ ఫిల్టరు మార్చి సాధించేది స్వల్పం. మైలేజీ సంగతీ అంతే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షించి, ఫిల్టరు బాగా పూడుకుపోయినా ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్ల మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదని, వేగం పుంజుకోవడమే మందగించిందని తేల్చింది.

నా మటుకు నేను, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలో రోజూ తిరిగే కారుకు మంచి కాగితపు ఫిల్టరే చెబుతాను. ఓపికగా కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించేవారికే రెండో రకం.

ఆ ఓపిక ఎలాంటిదో వినండి. ముందు పొడి దుమ్మును మెల్లగా తట్టి రాల్చాలి. తయారీదారు చెప్పిన ద్రావణం చల్లి, చెప్పినంతసేపు నానబెట్టాలి. అది ఆరిపోకముందే శుభ్రంగా ఉన్న లోపలి వైపు నుంచి బయటికి సన్నటి ధారతో కడగాలి. బయటి నుంచి కడిగితే దుమ్మును మనమే లోపలికి నెట్టినట్టు. పెట్రోలు, కిరోసిన్ వద్దు. కంప్రెసర్ గాలి కొట్టనేవద్దు, గుడ్డ చిరుగుతుంది. ఫోమును పిండవచ్చు గాని మెలిపెట్టకూడదు. నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడి తడిదానికి నూనె పూస్తే అది సమంగా పట్టదు.

నూనె దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే గాలితో పాటు కొట్టుకుపోయి, గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సరులోని సన్నని వేడి తీగకు అంటుకుంటుంది. ఆ సెన్సరు ఉన్న కార్లలో కొలత తప్పుతుంది, ఇంజను లైటు వెలుగుతుంది. ఇంజను ఆయిలు కాక, ఆ ఫిల్టరుకని చేసిన నూనెనే మడత మడతకూ సన్నగా పూసి, ఇంకేదాకా ఆగండి. తెల్లగా మిగిలిన చోట మాత్రమే మళ్లీ పూయండి.

బిగించేటప్పుడు అంచు రబ్బరు పెట్టెలో చుట్టూ సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంజను ఆపి, ఫిల్టరు దాటిన గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు మట్టి అంటితే దుమ్ము లోపలికి దారి చేసుకుందన్నమాట. అప్పుడు ఫిల్టరును కాదు, ముందు ఆ అంచును అనుమానించండి.