సంజాయిషీ అడగకుండా శిక్ష వేయకండి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. ఈరోజు మన మనవలు, మనవరాళ్ల గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

1993లో మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. దాని పుస్తకంలో ఎవరో కుర్రవాడు రాసిన ఉత్తరం నా కంటబడింది. ఆఫీసులో ఎంత తప్పు చేసినవాడికైనా ముందు మెమో ఇచ్చి సంజాయిషీ అడుగుతాం. ఇంట్లో నేను ఆ పాటి న్యాయం కూడా పాటించలేదు. ఒక్క మాట అడగకుండా పది రోజులు బడి మాన్పించాను. వాడు రోజూ వెంటపడుతున్నాడని, నాకు చెప్పడానికి భయపడిందని తరువాత వాళ్లమ్మ చెప్పింది. అప్పటి నుంచి అమ్మాయి నాతో మనసు విప్పి మాట్లాడటం మానేసింది.

నిరుడు దాని కొడుకు, పదిహేనేళ్లవాడు, అన్నం సరిగా తినడం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"తాతయ్యా, ఒక అమ్మాయి నాతో మాట్లాడనంది. వెంటపడితే ఒప్పుకుంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు" అన్నాడు.

నేను నవ్వలేదు, కోప్పడలేదు. "ఈ వయసులో శరీరంతోపాటు మనసూ మారుతుందిరా. ఇష్టం కలగడం తప్పు కాదు. కాని వద్దంటే వద్దనే అర్థం. సినిమాలో హీరో చేసేది బయట చేస్తే ఎదుటి పిల్లకు అది భయమే. ఫోను చూపించమనడం, ఫోటోలు పంపమనడం, స్నేహితులతో మాట్లాడొద్దనడం కూడా ప్రేమ కాదు, పెత్తనం" అని చెప్పాను.

చట్టం సంగతీ చెప్పాను. ఇష్టం లేదన్న ఆడపిల్ల వెంటపడటం 2013 నుంచి నేరం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారితో శారీరక సంబంధం, ఇద్దరూ ఇష్టపడినా నేరమే. ఆపదలో ఉన్న పిల్లలు 1098కి ఫోను చేయవచ్చు.

2020లో కేంద్రం ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో మనుషుల మధ్య సంబంధాలు కూడా ఒక పాఠ్యాంశమే. అయినా బడి చెబుతుందిలే అని మనం ఊరుకోరాదు. మనకు తీరిక ఉంది. ముందు వినండి, తరువాతే చెప్పండి.

ఆ రోజు మా అమ్మాయి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "నాన్నా, నన్నూ ఇలా అడిగి ఉంటే బాగుండేది" అన్నది. నా సంజాయిషీ ముప్పై ఏళ్లు ఆలస్యంగా ఇచ్చుకున్నాను. మీరు అంత ఆలస్యం చేయకండి.

సెలవు.