పెట్టె అడుగున ఉత్తరాలు
(వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



యువతీయువకులారా, 1965 నాటి వలస చట్టం అమెరికాకు దారి తెరిచిన పిమ్మట మన వారు ఒక్కొక్కరుగా ఇక్కడికి చేరారు. నేను 1984లో వచ్చాను. ట్రంకు కాలు పండుగకు ఒకసారి. మిగిలిన రోజులలో ఇంటి కబురు తెచ్చేది ఏరోగ్రామ్ ఒక్కటే. ఆ నీలి కాగితంపై మా అమ్మ సందు విడవకుండా వ్రాసేది: పాడి, పంట, చెల్లెలి పెళ్ళిచూపులు, అంచులలో మరచిపోయిన ఊరగాయ సంగతి. నాన్నగారు పోయిన వార్త తంతిగా నాకు చేరేసరికి అక్కడ దహనం ముగిసింది. భారతదేశంలో ఆ తంతి సేవ కూడా 2013 జూలైలో ఆగిపోయింది.

నేడు మీరు నాయనమ్మను ప్రతి ఆదివారం ఫోనులో చూస్తున్నారు. ఇది చిన్న భాగ్యం కాదు. దానిని తక్కువ చేసే చాదస్తం నాకు లేదు. అయితే "బాగున్నావా నాయనమ్మా" అన్న తరువాత మీ మాట ఆగిపోతున్నది, ఫోను మా చేతికి వస్తున్నది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్ళలో తీరిక లేదని మీకు తెలుగు నేర్పక తప్పుకొన్నది మేమే. ఆ లోపం మీది కాదు.

అమ్మ ఉత్తరాలు నూరుకు పైగా నా పెట్టెలో ఉన్నవి. నా పిల్లలిద్దరికీ అవి చదవ రావు. వచ్చే ఆదివారం అర్చన ముగిసిన పిమ్మట భోజనశాలలో వాటిని విప్పుతాను. మీ ఇంటి ఉత్తరాలు కూడా తీసుకొని రండి. అక్షరాలు రాకపోయినా సరే, చదివి వినిపించడానికి నేనున్నాను.