రక్తంలో కొవ్వు ప్రయాణం
(పాతబస్తీలో జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఒక పొరపాటు చేసి, దాని మూలంగా తెలుసుకున్న నాలుగు మాటలు మనవి చేస్తాను.

నహారీ గిన్నె చల్లారితే పైన కొవ్వు తెట్టు కట్టడం మన పాతబస్తీవారందరూ చూసిందే. కొవ్వు నీటిలో కలవదు. రక్తంలో ఎక్కువ భాగం నీరే. మరి మనం తిన్న నెయ్యి, నూనె అందులో ఎలా ప్రయాణిస్తాయి? శరీరం వాటిని ప్రోటీన్లతో మూటలు కట్టి పంపుతుంది. వీటినే లైపోప్రోటీన్లు అంటారు.

భోజనంలోని కొవ్వును పేగులు కైలోమైక్రాన్లు అనే పెద్ద మూటలుగా కడతాయి. దారిలో కండరాలు, కొవ్వు కణాలు కావలసింది దించుకోగా, మిగిలింది కాలేయానికి చేరుతుంది. కాలేయం సొంతంగా కూడా కొవ్వు, కొలెస్ట్రాల్ తయారుచేసి వి.ఎల్.డి.ఎల్. మూటలుగా పంపుతుంది. వాటిలోని కొవ్వు దిగిపోయాక చాలావరకు కొలెస్ట్రాల్ నిండిన ఎల్.డి.ఎల్. మిగులుతుంది. కణాల్లో మిగిలిపోయిన కొలెస్ట్రాల్‌ను తిరిగి కాలేయానికి చేర్చేది హెచ్.డి.ఎల్.

కొలెస్ట్రాల్ విషం కాదు. కణాల పొరలకు, హార్మోన్లకు, పైత్యరసానికి అది కావాలి. కాని ఎల్.డి.ఎల్. ఎక్కువైతే, సరుకు దించుకునే దుకాణాలు మూసి ఉన్నప్పుడు పత్తర్‌గట్టిలో ట్రాలీలు నిలిచిపోయినట్లు, రక్తంలోనే తిరుగుతూ ధమనుల గోడల్లో పేరుకుంటుంది. దానిని లోపలికి తీసుకునే ద్వారాలు కణాలపై ఉన్నాయని కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

స్టాటిన్ మాత్ర కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం మరిన్ని ద్వారాలు తెరిచి రక్తంలోని ఎల్.డి.ఎల్.ను లాక్కుంటుంది. మాత్ర మానితే కొద్ది వారాల్లోనే మళ్లీ మొదటికొస్తుంది.

ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. స్టెంటు వేసిన రెండేళ్లకు ఎల్.డి.ఎల్. 68 అని రిపోర్టు వచ్చింది. నయమైందనుకుని ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాను. నాలుగు నెలలకు 149! అల్మారాలో విప్పని మాత్రల పట్టీలు చూసి మా ఆవిడ కంటతడి పెట్టింది. డాక్టరుగారు ఒకటే అన్నారు: "రిపోర్టు బాగుంది మాత్ర వల్లనే గాని, మాత్ర అక్కరలేక కాదు."

కాబట్టి మిత్రులారా, ఒళ్లు నొప్పులుంటే డాక్టరుకు చెప్పండి, సొంతంగా మాత్ర మానకండి. పిల్లలారా, మీ పెద్దవాళ్ల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి.

సెలవు.