బండికి గట్టిన పందిరి



పందిరి వేయుట మనకు క్రొత్త విద్య గాదు. పెండ్లికి తాటియాకుల పందిరి, తిరునాళ్లకు షామియానా, ప్రయాణమునకు బండిగూడు – వీనిని మీరందఱు నెఱుగుదురు. నేడు నేను జెప్పబోవునది మోటారుబండికి దగిలించిన గుడ్డపందిరిని గూర్చి. 35 ఏండ్లు బడిలో బాఠములు చెప్పిన నేను, నా 64వ యేట, పరదేశమున దానియొద్ద నొక పాఠము నేర్చుకొంటిని.

2022వ సంవత్సరము జులైలో నా కుమారునితో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమునకు బోయితిని. అచట అనేకులు పడక, పొయ్యి, నీళ్లతొట్టి గల యిల్లువంటి బండిలో దేశాటనము చేయుదురు. దానిని ఆర్.వీ. అందురు. బండి ప్రక్కగోడపై నొక కమ్మీ యుండును. పందిరిగుడ్డ యొక యంచు ఆ కమ్మీ గాడిలో నుండును. రెండవ యంచు చాపచుట్టవలె నొక గొట్టమునకు జుట్టుకొని యుండును. గొట్టము రెండు కొనలను రెండు కడ్డీలు మోయును. గొట్టములోపల మెలిపెట్టిన స్ప్రింగులు గలవు. గుడ్డను మనము వెలుపలికి లాగిన, స్ప్రింగు దానిని మరల లోనికి లాగుచునే యుండును. ఆ లాగుటయే గుడ్డకు బిగువు.

గ్రాండ్ కాన్యన్ అను మహాలోయ దక్షిణపుటంచున, సముద్రమట్టమునకు దాదాపు 7,000 అడుగుల యెత్తున బండి నిలిపితిమి. ఆ నెలలో నచట మధ్యాహ్నము దాటిన పిదప ఉఱుములతో వాన గురియుట పరిపాటి. మావాడు ఆ బండిని ఇతరులయొద్ద గొనినాడు. గుడ్డ వదులుగా నుండెను. చుట్టునపుడు ఒక ప్రక్కకు జారుచుండెను. చూపునకు ముచ్చటగా నుండునని కడ్డీలు రెంటిని సమానమైన యెత్తున నిలిపితిమి. వాన రాగానే గుడ్డ నడుమ చెఱువు నిలిచినది. లెక్క చూడుడు: ఒక చదరపు మీటరు మేర 10 సెంటీమీటర్ల లోతు నీరు నిలిచిన, దాని బరువు 100 కిలోలు! కడ్డీలు వంగునంత పని యయ్యెను.

మఱునాడు మావాడు "నాన్నగారూ, స్ప్రింగు బిగించెదను, మీరు గొట్టము పట్టుకొనుడు" అని కడ్డీకొనయందలి మర విప్పబోయెను. నేనును సరే యంటిని. ప్రక్కబండిలోని వృద్ధు డొకడు కేకవేసి పరుగున వచ్చి వాని మణికట్టు పట్టుకొనెను. గొట్టము కడ్డీనుండి విడివడినంతనే మెలిపడిన స్ప్రింగు ఒక్కుమ్మడి గిరగిర దిరుగుననియు, వ్రేళ్లు విఱుగుననియు ఆయన చెప్పగా నా గుండె జల్లుమనెను.

పిమ్మట నాయనయే పని నేర్పెను. గొట్టపుకొన మూతలో సన్నని రంధ్ర మొకటి గలదు. మొదట అందు చీల దూర్చి స్ప్రింగును బంధింపవలెను. ఆ తరువాతనే మర విప్పవలెను. కడ్డీకి దగులుకొను కొనను పట్టుకారుతో గట్టిగా బట్టి, చీల దీసి, గుడ్డ చుట్టుకొను దిక్కున నొక చుట్టు త్రిప్పి, మరల చీల వేయవలెను. తయారుచేసినవారి పుస్తకమున నెన్ని చుట్లు చెప్పబడెనో అన్నియే గాని యధికము గూడదు. ఒకరు గొట్టమును బట్టుకొనగా నింకొకరు చేయవలసిన పని యిది.

పిదప రసమట్టముతో బండి నిలుకడ చూచితిమి. గుడ్డను కమ్మీగాడిలో సరిగా నడిమికి జరిపి, అది యిటునటు జారకుండ రెండు కొనలను మరలతో బిగించితిమి. నాటినుండి గుడ్డ వంకర లేక చుట్టుకొనెను. వాన వచ్చునపుడు ఒక కడ్డీని రెండవదానికన్న దించితిమి, నీరు జాఱిపోయెను. గాలి హోరెత్తినపుడు మాత్రము చుట్టివేయుటయే యుపాయము.

మన షామియానాకును ఇదియే ధర్మము. ఎదురెదురు తాళ్ల బిగువు సమముగా నుండవలెను. నీరు పోవుటకు వాలు ఉండవలెను. నూలుతాళ్లు, నారతాళ్లు తడిసిన బిగిసికొని గుంజలను బెఱుకును గనుక, వానకు ముందు వానిని గొంచెము వదలవలెను. ఎక్కడ బలము బిగబట్టబడి యున్నదో తెలియక ముడి విప్పరాదు.

నా కుమారుని పది వ్రేళ్లును నేడు క్షేమముగా నున్నవి. ఆ వృద్ధుని పేరైన నడుగక బయలుదేఱితిమి. ఆ కొఱత నాకు నేటికిని దీరలేదు.