జపానీయుల అన్నము, ఫలహారములు

మనము అన్నము తిని బ్రదుకువారము. "అన్నము తింటిరా?" అని మన యిండ్లలో అడిగినచో భోజనమైనదా అని యర్థము. ఇట్లే అన్నమునకును భోజనమునకును ఒక్కటే మాట వాడు జాతి మఱియొకటి ఆసియాఖండమునకు తూర్పున సముద్రమధ్యమున కలదు. వారు జపానీయులు. వారి భాషలో "గోహన్" అనగా వండిన అన్నము, భోజనమును గోహనే. ఉదయపు భోజనము ఉదయపు గోహన్, మధ్యాహ్న భోజనము మధ్యాహ్నపు గోహన్.

ఆ దేశీయులు మిక్కిలి ఇష్టపడి తిను వంటకములను, ఫలహారములను గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేసెదను. వానిలో మన వంటలకు చుట్టములైనవి కొన్ని కలవు. అన్నము తినువారమగు మనమును ఆలోచింపదగిన గుణపాఠ మొకటియు కలదు. దానిని చివర చెప్పెదను.

వారి బియ్యపు గింజ పొట్టిగను గుండ్రముగను ఉండును. మనకు పొడిపొడిగా నున్న అన్నము ఇంపు. వారికి మెతుకు మెతుకు నంటుకొని కొంచెము జిగిగా నున్న అన్నము ఇంపు. రెండు సన్నని పుల్లలతో నెత్తి తినువారగుటచే ఆ జిగియే వారికి అనుకూలము. వారు గంజి వార్చరు. కొలతగా నీరు పోసి, మూతపెట్టి, ఆ నీరంతయు అన్నముననే ఇగురునట్లు వండుదురు. తినుటకు ముందు చేతులు జోడించి "ఇతదకిమాసు" అందురు. వినయముతో స్వీకరించుచున్నానని దాని భావము. ఒక గిన్నె అన్నము, ఒక గిన్నె పులుసు, కొంచెము ఊరగాయ, ఒకటి రెండు కూరలు, ఇదియే వారి సంప్రదాయ భోజనము. మిరపకాయ మిక్కిలి తక్కువ, పోపు లేదు, నూనె కొలదిగా వాడుదురు. సముద్రమున పెరుగు కొంబు అను నాచును, ఎండించిన చేప తురుమును నీట కాచి ఆ రసముతో వంటకములకు రుచి కల్పింతురు. ఆ రుచికి మూలమైన పదార్థమును 1908లో టోక్యో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఇకెదా కికునాయె కొంబు నాచునుండి వేరుపఱచి చూపెను.

మనకు కందిపప్పు ఎట్టిదో వారికి సోయా చిక్కుడు గింజ అట్టిది. దీనికి కారణము కలదు. బౌద్ధధర్మ ప్రభావముచేత 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుఱ్ఱము, కుక్క, కోతి, కోడి అను వాని మాంసమును సంవత్సరమున కొన్ని నెలలు తినరాదని శాసించెను. ఆ పిమ్మట పలుమార్లు ఇట్టి నిషేధములే వెలువడెను. భరతఖండమునుండి బోధిసేనుడను భిక్షువు 736లో ఆ దేశమునకు చేరి, 752లో నారా నగరమందలి మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము చేసెను. అట్టి మతప్రభావమునందు పాడియు మాంసమును విరివిగా లేని జనులకు బలమిచ్చినవి చేపయు, ఈ చిక్కుడు గింజయు.

ఈ గింజను ఉడికించి, బూజు పట్టించిన బియ్యమును ఉప్పును చేర్చి నెలల తరబడి మాగవేసినచో మిసో అను ముద్ద అగును. ప్రతిదినమును పులుసు కాచుట దానితోడనే. గింజలను నానబెట్టి, రుబ్బి, కాచి, వడకట్టిన పాలలో సముద్రపు ఉప్పు తీయగా మిగిలిన చేదునీరు పోసినచో పాలు విఱిగి తోఫు అను తెల్లని గడ్డ ఏర్పడును. మెత్తదనమున మన జున్నువలె నుండును. వడకట్టగా మిగిలిన పిప్పిని కూడ పాఱవేయక కూర వండుదురు. ఉడికిన గింజలను వరిగడ్డిలో చుట్టి వెచ్చగా నుంచినచో నత్తో అగును. అది తీగలు సాగుచుండును, దాని వాసన క్రొత్తవారు భరింపలేరు. జపానీయులలోనే పశ్చిమ ప్రాంతమువారు కొందఱు దానిని చూచి ముక్కు మూసికొందురు; తూర్పువారికి మాత్రము అది లేక ఉదయము గడవదు.

ఇక లోకప్రసిద్ధమైన సుషిని గూర్చి రెండు మాటలు. పూర్వము అది చేపను నిలువచేయు ఉపాయము మాత్రమే. ఉప్పు పెట్టిన చేపను అన్నములో నెలలకొలది పూడ్చి పులియబెట్టి, పిమ్మట అన్నమును పాఱవేసి చేపను తినెడివారు. బివా సరస్సు ప్రాంతమున ఈ పద్ధతి నేటికిని కలదు. కాలక్రమమున అన్నమును కూడ తినసాగిరి. తరువాత పులియువఱకు ఆగుట మాని, అన్నమున పులికాడి కలిపిరి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఎదో నగరపు వీథులలో, చేతితో నొత్తిన అన్నపు ముద్దపై చేపముక్క నుంచి అప్పటికప్పుడు అమ్ముట మొదలయ్యెను. ఆ ఎదో నగరమే 1868లో టోక్యో అయ్యెను. ఆనాటి వీథి ఫలహారములలో మఱియొకటి తెంపుర. కూరగాయలనో చేపలనో పలుచని పిండిలో ముంచి నూనెలో వేచుదురు. మన బజ్జీకి దగ్గఱి చుట్టము. ఈ విద్య పదునాఱవ శతాబ్దిలో వచ్చిన పోర్చుగీసువారి వలన అబ్బినదని చెప్పుదురు.

ఫలహారములలో పెద్దపీట మోచిది. జిగురుబియ్యమును ఆవిరిపై ఉడికించి పెద్దరోటిలో వేసి, ఒకరు కొయ్యసుత్తితో దంచుచుండగా మఱియొకరు దెబ్బకు దెబ్బకు నడుమ తడిచేతితో ముద్దను త్రిప్పుదురు. ఒక క్షణము తాళము తప్పెనా, వ్రేళ్లు నలుగును. సంవత్సరాదినాడు మోచివేసిన పులుసు త్రాగని యిల్లు ఆ దేశమున అరుదు. కాని ఈ పండుగ భక్ష్యమునందు ప్రమాద మొకటి కలదు. అది బంకవలె సాగుటచేత వృద్ధుల గొంతున నడ్డుపడును. ప్రతి సంవత్సరాదికిని కొందఱు వృద్ధులు ఇట్లు ప్రాణములు కోల్పోవుచుండుట కలదు. చిన్నచిన్న ముక్కలుగా కోసి, ముందు పులుసుతో గొంతు తడుపుకొని, మెల్లగా నమిలి తినుడని టోక్యో అగ్నిమాపక శాఖవారు ఏటేట హెచ్చరింతురు. అయినను మోచి లేని సంవత్సరాది తమకు వలదని ఆ ముదుసలులందురు. పండుగనాటి బూరెలు వలదని వైద్యుడు చెప్పినప్పుడు మన పెద్దలు చెప్పు సమాధానమును ఇట్టిదే గదా!

బూరె యనగా జ్ఞప్తికి వచ్చినది. అజుకి అను ఎఱ్ఱని చిఱుగింజలను ఉడికించి పంచదారతో నూరి వారు పూర్ణము చేయుదురు. వారి తీపి వంటలలో పెక్కింటికి ఇదియే జీవము. రాత్రియు పగలును సమానమగు విషువ దినములయందు వారు పితృదేవతల సమాధులను దర్శించి, ఒహగి అను భక్ష్యమును నివేదింతురు. మన బూరెలో పూర్ణము లోపల, తోపు పైన. ఒహగిలో అన్నపు ముద్ద లోపల, పూర్ణము పైన. మెలకువ వేఱైనను భక్తి యొక్కటే. ఇదే పూర్ణమును గోధుమ రొట్టెలో పెట్టి 1874లో టోక్యోలోని కిమురాయ అను అంగడివారు అంపన్ అను క్రొత్త ఫలహారమును కల్పించిరి. మఱుసటి యేడు అది మెయిజి చక్రవర్తికి సమర్పింపబడెను. నేడు బడిపిల్లల చేతిలో కనబడుచున్నది.

బియ్యపుపిండితో చేసిన సెంబెయి మన చెక్కలవంటిది. అయితే చెక్కలను మనము నూనెలో వేచుదుము, వారు పెక్కుచోట్ల నిప్పులపై కాల్చి సోయా రసము పూయుదురు. పిండియుండలను పుల్లకు గ్రుచ్చి కాల్చిన దాంగో తిరునాళ్లలో అమ్ముదురు. ప్రయాణమునకు పోవునప్పుడు అన్నమును మూడుమూలల ముద్దగా నొత్తి, నడుమ ఉప్పులో ఊరిన ఉమె కాయ నుంచి, నాచుతో చుట్టి కొనిపోవుదురు. దాని పేరు ఒనిగిరి. ఉమె ఊరగాయ యొకటి యున్నచో అన్నము చెడదని వారి పెద్దల నమ్మకము. ఆవకాయ ముద్దతో పొలమునకు పోవు మన రైతునకు ఇది క్రొత్తగా తోపదు.

ఇక గుణపాఠము. తెల్లగా దంచిన బియ్యము పూర్వము జపానునందు ధనికుల భోజనము. పల్లెవారు ముడిబియ్యమునో, యవలు, చిఱుధాన్యములు కలిపిన అన్నమునో తినెడివారు. ఎదో నగరమున మాత్రము కూలివాడు సైతము తెల్లని అన్నము తినగలిగెను. పల్లెనుండి నగరమునకు వచ్చిన వారికి కొన్నినెలలకే కాళ్లు వాచి, తిమ్మిరియెక్కి, నడక తడబడి, తుదకు గుండె ఆగెడిది. స్వగ్రామమునకు తిరిగిపోయినచో నయమయ్యెడిది. అందుచే దానిని "ఎదో రోగము" అనిరి. వైద్యులు కక్కె అనిరి. దానినే లోకమున బెరిబెరి యందురు. 1866లో షోగును ఇయెమోచి ఇరువదియేండ్ల ప్రాయమున ఈ వ్యాధిచేతనే మరణించెనని చెప్పుదురు.

1882లో ర్యూజో అను యుద్ధనౌక 376 మందితో దూరయాత్రకు బయలుదేఱెను. వారిలో 169 మందికి ఈ వ్యాధి సోకెను. 25 మంది మరణించిరి. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరొ వారు తిన్నదేమియని విచారించెను. తెల్లని అన్నము మెండు, తక్కినవి స్వల్పము. 1884లో త్సుకుబా అను నౌక అదే మార్గమున పోవునప్పుడు ఆయన పట్టుపట్టి మాంసము, పాలు, యవలు మొదలగువానితో ఆహారమును మార్పించెను. ఈ మాఱు వ్యాధి సోకినవారు ఇరువదిమంది కూడ లేరు. మరణించినవా డొక్కడును లేడు. అయినను సేనా వైద్యులు ఆయన మాట వినలేదు. ఇది సూక్ష్మక్రిముల వ్యాధి యనిరి. తెల్లని అన్నము పెట్టుట సైనికునకు గౌరవమని కూడ తలచిరి. 1904, 1905 సంవత్సరములలో రష్యాతో జరిగిన యుద్ధమున జపాను సైనికులు సుమారు 27,000 మంది శత్రువుల గుండ్లచేత గాక బెరిబెరిచేత చచ్చిరి. కడుపునిండ అన్నము తినుచునే చచ్చిరి!

1910లో సుజుకి ఉమెతారొ అను శాస్త్రజ్ఞుడు ఆ వ్యాధిని మాన్పు సారమును వేరుపఱచెను. ఎచ్చటనుండి? తవుడునుండి. నేడు దానిని బి-1 విటమిను అందురు. వేలకొలది మనుష్యులు దేనికై మరణించిరో అది ప్రతి బియ్యపు మిల్లు వాకిటను కుప్పలుగా పడియుండెను.

విచిత్రమేమనగా, ఆ దేశపు ఇల్లాండ్రు పూర్వమునుండియు తవుడును పూర్తిగా విడువలేదు. తవుడున ఉప్పును నీటిని కలిపి కుండలో పెట్టి, ముల్లంగి, దోస, వంకాయలను అందు పూడ్చి ఊరగాయ వేయుదురు. దాని పేరు నుకజుకె. దినదినము చేయిపెట్టి కలుపనిచో అది చెడును. అందుచే తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి ఆ కుండ సంక్రమించుచు వచ్చినది. తవుటిలోని ఆ విటమిను కొంత కూరగాయలోనికి దిగునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన దేశపు కూర సైతము ఆ దేశమునకు పోయినది. ఆంగ్లేయులనుండి నేర్చి, గోధుమపిండితో చిక్కపఱచి, అన్నముపై పోసి తిను ఆ కూరకు వారు "కరే" అని పేరిడిరి. 1908 నాటి నౌకాదళ వంటపుస్తకమున అది కలదు. నేటికిని వారి నౌకాదళమున శుక్రవారమునాడు ఆ కూరయే వడ్డింతురు. పిల్లలకు అంతకంటె ప్రియమైన వంటకము లేదు.

ఇది పరుల కథ యని మనము నవ్వుకొనరాదు. బెరిబెరి మన ఉత్తర సర్కారులయందు ప్రబలియుండుటను గూర్చి మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే మద్రాసున గ్రంథము ప్రకటించెను. దంపుడు బియ్యము మోటదని మిల్లుబియ్యము తెచ్చి, దానిని నాలుగునీళ్లు కడిగి కుడితిలో పోసి, వండి గంజివార్చి, ఆ గంజిని కూడ పశువునకు పెట్టిన యింట పశువు బలిసెను, బిడ్డ వాడెను. ఆ విటమిను నీట కరగునదగుటచే కడుగునీటను గంజిలోను పోవును. వడ్లు ఉడికించి దంచిన ఉప్పుడు బియ్యమున అది గింజలోనికి ఇంకి కొంత నిలుచును.

జపానీయులు తెల్లని అన్నము మానలేదు. అన్నము కొండంతయు కూర గోరంతయు నగు పద్ధతిని మానిరి. 1962లో ఆ దేశమున మనిషి యొక్కింటికి ఏటికి 118 కిలోల బియ్యము ఖర్చయ్యెను. ఇప్పుడది 50 కిలోల ప్రాంతమునకు దిగినది. పెద్దలగు మీ మాట ఇంటిలో చెల్లును. తెల్లదనము చూచి బియ్యము కొనవలదనియు, గంజి పాఱవోయవలదనియు, విస్తరిలో పప్పును ఆకుకూరయు హెచ్చవలెననియు మీరు చెప్పినచో కోడండ్రు విందురు. జపాను దేశము 27,000 మంది బిడ్డల నిచ్చి నేర్చుకొన్న పాఠమిది. మనకు ఊరక దొరకినది. ఊరక దొరకినదని తవుడువలె విడువకుందుము గాక.